వంటింటి తడి చెత్త – ఇంట్లోనే ఎరువు



వానలు మొదలయ్యాక మన ఆసుపత్రికి వాంతులు, విరేచనాలతో వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. వారిలో చిన్న పిల్లలే ఎక్కువ. అటువంటి పిల్లల తల్లులను మేము మూడు ప్రశ్నలు అడుగుతాం. తాగే నీరు ఎక్కడిది? మరుగుదొడ్డి ఉందా? మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు ఎక్కడ పారేస్తారు? మొదటి రెండు ప్రశ్నలకు అందరూ జవాబు చెబుతారు. మూడో ప్రశ్నకు మాత్రం ఆశ్చర్యపోతారు. "సిస్టరమ్మా, బిడ్డకు మందిస్తారనుకుంటే చెత్త సంగతి అడుగుతారేంది?" అని ఒక తల్లి నిలదీసింది కూడా. ఆ తల్లికి వార్డులో నిలబడి రెండు మాటల్లో చెప్పిన జవాబును ఈ సంచికలో వివరంగా రాస్తున్నాం.

మేము చెప్పదలచింది ఒక్కటే. వంటింటి చెత్త కలగలిపి మూటకట్టి పారేస్తే జబ్బు అవుతుంది. విడిగా ఉంచి, గాలి తగలనిచ్చి, ఎండుటాకు కప్పితే ఎరువు అవుతుంది. ఈ రెండింటికీ మధ్య తేడా రోజుకు ఐదు నిమిషాల పని మాత్రమే.

పూర్వం చెత్త ఎందుకు లేదు?

మన పెద్దల ఇళ్ళలో వంటింటి చెత్త అనే సమస్యే లేదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలో పడేవి. గేదె తాగేది. పేడ, చిమ్మిన ఆకులు, పొయ్యిలోని బూడిద పెరటి పెంటదిబ్బకు చేరేవి. వేసవిలో అదే ఎరువు బండ్లకెత్తి పొలానికి తోలేవారు.

ఇప్పుడు చాలా ఇళ్ళలో గేదె లేదు, పెరడు చిన్నదైంది, పొయ్యి స్థానంలో గ్యాసు వచ్చింది. కానీ తొక్కలు, మిగిలిన అన్నం అలాగే ఉన్నాయి. కుడితి తొట్టి స్థానంలోకి ప్లాస్టిక్ కవరు వచ్చింది. అందులో అన్నం, చేప పొలుసులు, పిల్లవాడి డైపరు, మాత్రల అట్ట, పగిలిన గాజు అన్నీ కలిసిపోతాయి. ఆ మూట వీధి చివరకో, కాలువ గట్టుకో చేరుతుంది. ఆవులు అన్నం వాసనకు వచ్చి కవరుతో సహా మింగుతాయి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్ళలో ఒక్కొక్కరి వాటాకు ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం వృథా అవుతోంది. అందులో తినదగినది, తొక్కలు, ఎముకలు అన్నీ కలిసి ఉన్నాయి. నలుగురున్న ఇంట్లో అది రోజుకు దాదాపు 600 గ్రాములు. ఎరువు సంగతి తరువాత. ముందు తినగలిగిన అన్నాన్ని చెత్త కానివ్వకపోవడం మన మొదటి బాధ్యత. సరిపడా వండుకోవాలి. మిగిలింది చెడిపోకముందే ఎవరికైనా పెట్టాలి. ఆ తరువాత మిగిలేదే ఎరువు కుండకు.

చెత్త మూట నుండి జబ్బు ఎలా వస్తుంది?

ఈగ కుళ్ళే తడి చెత్త మీద ఒక్కసారికి వంద వరకూ గుడ్లు పెడుతుంది. మన వేడికి ఆ గుడ్లు ఒక్క రోజులోనే పురుగులవుతాయి. వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగురుతాయి. అంటే వారం కదలని చెత్తకుప్ప ఒక కొత్త ఈగల గుంపును తయారు చేస్తుంది. అవి మలం మీద వాలిన కాళ్ళతోనే వచ్చి పిల్లవాడి అన్నం గిన్నె మీద వాలుతాయి. విరేచనాలు, జిగట విరేచనాలు, టైఫాయిడ్ వంటి జబ్బుల క్రిములు అలా ఇల్లు మారుతాయి.

రెండవది ఎలుకలు. మెతుకులున్న చోటికి ఎలుక రాక తప్పదు. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో, బురదలో కాళ్ళ పగుళ్ళతో నడిచేవారికి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. ఇది కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీయగలదు.

మూడవది దోమలు. డెంగీ దోమ కుళ్ళిన చెత్తలో పెరగదు. చెత్తతో పాటు పారేసిన కొబ్బరి చిప్పలు, కప్పులు, సీసా మూతల్లో నిలిచిన వాన నీటిలో పెరుగుతుంది.

ఇక ఊరి చెత్తంతా చేరే డంపింగ్ యార్డు సంగతి. గాలి తగలకుండా అడుగున కుళ్ళే తడి చెత్త నుండి మీథేన్ వాయువు పుడుతుంది. అది భూమిని వేడెక్కించేది, త్వరగా అంటుకునేది కూడా. వేసవిలో యార్డులు నెలల తరబడి పొగలు కక్కడానికి అదొక కారణం. ఆ పొగ చుట్టుపక్కల ఉన్న ఉబ్బసం రోగులకు ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. మన ఊళ్ళ చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. అది ఇంటి గడప దాటకపోతే మిగిలిన సగం పొడిగా, శుభ్రంగా ఉంటుంది. ఏరి అమ్మడానికీ పనికొస్తుంది.

ఇది జరిగే పనేనా?

జరిగింది. నేటి తెలంగాణలోని సూర్యాపేటను చూడండి. సుమారు లక్ష జనాభా ఉన్న ఆ పట్టణంలో 2003 ప్రాంతంలో మున్సిపాలిటీ వారు తడి, పొడి చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయించి, ఇంటింటికీ వెళ్ళి సేకరించారు. తడి చెత్తను ఎరువుగా మార్చారు, పొడి చెత్తను అమ్మారు. వీధుల్లో చెత్తకుండీలే అవసరం లేని ఊరుగా సూర్యాపేటకు అప్పట్లో దేశమంతటా పేరొచ్చింది. పెద్ద యంత్రాలేమీ లేవు. ఇంటి ఇల్లాలు రెండు డబ్బాలు వాడింది, అంతే.

మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో పట్టణాల్లోని ఇళ్ళకు మూడు రంగుల డబ్బాలు ఇచ్చారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం పొడి చెత్తకు, ఎరుపు ప్రమాదకరమైన చెత్తకు. చాలా ఇళ్ళలో ఆ డబ్బాలు బియ్యం పోసుకోవడానికి, నీళ్ళు పట్టుకోవడానికి వాడుతున్నారని మాకు తెలుసు! ఆకుపచ్చ డబ్బాను మళ్ళీ వంటింట్లోకి తెచ్చుకుందాం.

కుండలో ఏం జరుగుతుంది?

ఎరువు చేసేది మనం కాదు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటికీ మనలాగే తిండి, గాలి, నీరు కావాలి. తడి చెత్తలో నత్రజని ఎక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. ఒక పాలు నత్రజనికి 25 నుండి 30 పాళ్ళు కర్బనం ఉంటే సూక్ష్మజీవులు చురుకుగా పనిచేస్తాయి. లెక్కలు కష్టమనుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి: ఒక గిన్నె తడికి రెండు గిన్నెల ఎండు.

గాలి అందితే చెత్త చివికి మట్టి వాసన వస్తుంది. గాలి అందకపోతే గాలి అక్కరలేని క్రిములు చేరి కుళ్ళబెడతాయి. దుర్వాసన అప్పుడే వస్తుంది. కాబట్టి ఎరువు కుండ కంపు కొడుతోందంటే అది ఎరువు స్వభావం కాదు, మన పొరపాటు.

ఈ పద్ధతి విదేశాల నుండి వచ్చిందేమీ కాదు. ఆల్బర్ట్ హోవార్డ్ అనే శాస్త్రవేత్త 1924 నుండి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి, పేడ, ఆకులు, పంట వ్యర్థాలను పొరలుగా పేర్చి ఎరువు చేసే పద్ధతిని తీర్చిదిద్దాడు. నేటికీ దాన్ని ఇండోర్ పద్ధతి అనే పిలుస్తారు. మన రైతుల అనుభవం నుండి తాను నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు.

కావలసిన వస్తువులు

1. సుమారు 40 లీటర్లు పట్టే మట్టి కుండలు గానీ, పాత ప్లాస్టిక్ డ్రమ్ములు గానీ మూడు. వాటికి మూతలు.
2. ఎండుటాకులు ఒక గోనె సంచి నిండా. మామిడి, వేప, బాదం ఆకులు మంచివి. కొబ్బరి పొట్టు, రైసు మిల్లు ఊక, రంపపు పొట్టు కూడా వాడవచ్చు. ఊక ఆలస్యంగా చివుకుతుంది గానీ లోపల గాలి ఆడేలా చేస్తుంది. సరుగుడు ఆకు మన తీరంలో కావలసినంత దొరుకుతుంది. అది కూడా నిదానమే కనుక మిగతా ఆకులతో కలిపి వాడండి.
3. రెండు పిడికిళ్ళ పాత ఎరువు లేదా కొద్దిగా పేడ నీళ్ళు. అవి దొరక్కపోతే ఒక గ్లాసు పుల్ల మజ్జిగ.
4. కలపడానికి ఒక కర్ర.

చేసే విధానం

1. కుండ అడుగున, చుట్టూ బెత్తెడు దూరానికి ఒకటి చొప్పున పెన్సిలంత చిల్లులు చేయండి. ఈగలు దూరకుండా బయటి నుండి దోమతెర గుడ్డ చుట్టండి.
2. రెండు ఇటుకల మీద, వాన తగలని నీడలో నిలపండి. ఇటుకల మధ్య నీళ్ళు నిలవకుండా చూడండి.
3. అడుగున జానెడు మందం కొబ్బరి పీచు, ఎండుటాకులు పరిచి, పాత ఎరువు చల్లండి.
4. రోజూ రాత్రి వంటపని అయ్యాక ఆనాటి తడి చెత్తను నీళ్ళు వార్చి, చిన్న ముక్కలు చేసి వేయండి. దాని మీద రెండింతల ఎండుటాకు కప్పండి. తొక్క ఏదీ పైకి కనిపించకూడదు. ఈగ గుడ్లు పెట్టకుండా ఆపేది ఈ కప్పే.
5. మూడు రోజులకొకసారి కర్రతో అడుగు నుండి కలియబెట్టండి.
6. నెల రోజులకు ఒక కుండ నిండుతుంది. దాన్ని పక్కన పెట్టి రెండవది మొదలుపెట్టండి. పక్కన పెట్టినదాన్ని వారానికొకసారి కలపండి. మూడవ కుండ నిండే వేళకు మొదటిది రెండు నెలలు మాగి సిద్ధమవుతుంది.

నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఉంటే ఎరువు అయినట్టు. అనుమానముంటే ఒక కప్పు ఎరువులో పది మెంతులు వేసి చూడండి. నాలుగైదు రోజుల్లో మొలిస్తే వాడుకోవచ్చు. మొలవకపోతే ఇంకో రెండు వారాలు మాగనివ్వండి. వేసిన చెత్త బరువులో నాలుగో వంతు నుండి మూడో వంతు ఎరువు వస్తుంది.

వేయదగినవి: కూరగాయల, పండ్ల తొక్కలు, టీ పొడి, కోడిగుడ్డు పెంకులు (నలిపి), వాడిన పూలు, అరిటాకులు, కొద్దిపాటి అన్నం.

వేయకూడనివి: మాంసం, ఎముకలు, పాలు, నూనె కూరలు, పచ్చడి, కుక్క పిల్లి మలం, డైపర్లు, బ్యాండేజీలు, మందులు, ప్లాస్టిక్. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవారు సూదులను ఏ చెత్తలోనూ వేయకండి; గట్టి సీసాలో పెట్టి మూత బిగించి, ఆసుపత్రికి వచ్చినప్పుడు తెచ్చి ఇవ్వండి.

మన సముద్రతీరంలో పాటించవలసిన సంగతులు

పుస్తకాల్లో రాసే పద్ధతులు అన్ని ఊళ్ళకూ ఒకేలా సరిపోవు. మేమూ మొదట ఆవరణలో ఒక గుంత తవ్వి ఎరువు వేశాం. ఎండాకాలమంతా బాగానే ఉంది. అక్టోబరు వానలకు గుంతలో నీళ్ళు ఊరి, చెత్తంతా తేలి, కంపు వార్డుల దాకా వచ్చింది. రెండు రోజులు ఎత్తిపోసి శుభ్రం చేశాం. ఆ అనుభవంతో చెబుతున్నాం.

వానలు: మనకు పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తీరంలో భూగర్భ జలం చాలా పైన ఉంటుంది. కనుక గుంతలు వద్దు. నేల మీద ఇటుకలపై కుండే మేలు. ఎండుటాకులను సెప్టెంబరులోనే గోనె సంచుల్లో దాచుకోండి. వానల్లో పొడి ఆకు దొరకదు.

ఎండ: మే నెల వేడికి, రోహిణి కార్తె గాలికి కుండ రెండు రోజుల్లో ఎండిపోతుంది. పిడికెడు తీసి పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రావాలి. రాకపోతే నీళ్ళు చిలకరించండి.

ఉప్పు: తీరప్రాంతపు నేలలు, బోరు నీళ్ళు కొన్ని చోట్ల ఇప్పటికే ఉప్పగా ఉంటాయి. ఊరగాయ, ఎండు చేపలు, ఉప్పు వేసి వండిన కూరలు కుండలో వేస్తే ఆ ఉప్పు ఎరువులోనే మిగిలి మొక్కకు చేటు చేస్తుంది.

చేపలు, రొయ్యలు: చేపల పులుసు లేని ఇల్లు మన వైపు అరుదు. పొలుసులు, పేగులు, రొయ్య తలకాయలు మంచి ఎరువే గానీ ఇంటి కుండకు తగవు. ఈగలు, పిల్లులు చేరతాయి. పెరడు ఉన్నవారు వానలు లేని రోజుల్లో కొబ్బరి చెట్టు పాదులో అడుగున్నర లోతున పాతి, మట్టి కప్పి, పైన బరువైన రాయి పెట్టండి. బావికి, చేతిపంపుకు కనీసం 50 అడుగుల దూరం ఉండాలి. ఇసుక నేలలో మురికి త్వరగా నీటిలోకి దిగుతుంది. పెరడు లేనివారు విడిగా మూటకట్టి, ఆ రోజే చెత్త బండికి ఇవ్వండి.

నిమ్మ తొక్కలు: గూడూరు, పొదలకూరు వైపు నిమ్మకాయలకు కొదవ లేదు. రెండు మూడు తొక్కలు ఫరవాలేదు. గంపెడు వేస్తే పులుపుకు సూక్ష్మజీవుల పని మందగిస్తుంది.

ప్రేమవిందులు: సంఘంలో విందు జరిగినప్పుడు మిగిలిన అన్నాన్ని కుప్పగా పోయకండి. ముద్దకట్టి పులిసిపోతుంది. అన్నం ఒక పలచని పొర, ఆకు ఒక మందమైన పొర చొప్పున, వీలైతే నాలుగిళ్ళ కుండలకు పంచుకోండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

వాసన వస్తోంది, ఏం చేయాలి?
తడి ఎక్కువైంది, గాలి తక్కువైంది. బాగా కలిపి, మూడు నాలుగు దోసిళ్ళ ఎండుటాకు చేర్చి, ఒక పూట మూత తీసి గుడ్డ కట్టి ఉంచండి.

పురుగులు కనిపిస్తున్నాయి. పారేయాలా?
వద్దు. గోధుమ, బూడిద రంగులో లావుగా, చదునుగా ఉండే పురుగులు నల్ల సైనిక ఈగవి. అవి చెత్తను త్వరగా తినేస్తాయి, ఆ ఈగ మన అన్నం మీద వాలేది కాదు. తెల్లని సన్న పురుగులైతే ఇంటి ఈగవి. పైకప్పు పలచబడిందని అర్థం. బాగా కలిపి ఎండుటాకు మందంగా వేయండి.

చీమలు పట్టాయి.
కుండ ఎండిపోయింది. నీళ్ళు చిలకరించండి.

వేడెక్కుతోంది, భయం లేదా?
మంచి సూచన. పెద్ద కుప్పలు 55 డిగ్రీలు దాటి క్రిములను చంపుతాయి. మన చిన్న కుండలు అంత వేడెక్కవు. అందుకే మాంసం, మలం వద్దని గట్టిగా చెబుతున్నాం.

ఎవరు జాగ్రత్త పడాలి?

ఎరువు పని మంచిదే, కానీ అందరికీ ఒకేలా కాదు. చివికే ఆకుల దుమ్ములో బూజు రేణువులు ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారు, క్షయ వచ్చి తగ్గినవారు, క్యాన్సరు మందులు, స్టిరాయిడ్లు వాడేవారు కుండ కలిపే పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి. మిగతావారు కూడా పొడిగా దుమ్ము లేస్తుంటే ముందు నీళ్ళు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

షుగరు ఉన్నవారికి ప్రత్యేకంగా చెబుతున్నాం. చెప్పులు లేకుండా, పుండున్న కాళ్ళతో, కోసుకున్న చేతులతో మట్టి పని చేయకండి. నేలలో, బురదలో ఉండే ఒక క్రిమి వల్ల వచ్చే మెలియోయిడోసిస్ అనే తీవ్రమైన జబ్బు షుగరు రోగులకే ఎక్కువగా వస్తుంది. వానాకాలంలో దాని భయం మరింత. చేతి తొడుగులు వాడండి. మట్టి పని చేస్తూ గాయమైతే సబ్బుతో కడుక్కుని, ధనుర్వాతపు టీకా సంగతి కనుక్కోండి. పని అయ్యాక ప్రతి ఒక్కరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఎరువుతో ఏం చేసుకుందాం?

మన ఇసుక నేలలో నీళ్ళు పోస్తే పోసినట్టే దిగిపోతాయి, మొక్కకు పోషకాలు నిలవవు. ఎరువు కలిపితే అదే ఇసుక నీటిని పట్టి ఉంచుతుంది. కుండీకి రెండు పాళ్ళ మట్టిలో ఒక పాలు ఎరువు కలపండి. ఉన్న మొక్కలకు నెలకొకసారి రెండు దోసిళ్ళు వేస్తే చాలు. పచ్చిగా తినే కొత్తిమీర వంటి వాటికి బాగా మాగిన ఎరువే వాడి, కోశాక శుభ్రంగా కడగండి.

ఏం వేయాలని అడిగితే, ముందు తోటకూర, గోంగూర, ఒక మునగ మొక్క అని చెబుతాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. మన గర్భిణీల వార్డులో మేము రోజూ చూస్తున్నదీ అదే. ఆకుకూర ఒక్కటే రక్తహీనతను నయం చేయదు; ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. కానీ గుమ్మం పక్కనే తోటకూర ఉంటే వారానికి నాలుగు రోజులు వండుతారు. బజారుకు వెళ్ళి కొనాలంటే ఒక రోజు వండుతారు. ఆ కూరలో నిమ్మరసం పిండుకుంటే ఐరన్ ఇంకా బాగా ఒంటికి పడుతుంది.

మమ్మల్ని నిలదీసిన ఆ తల్లికి చివరికి ఇలా చెప్పాం: "అమ్మా, మందు మేమిస్తాం. బిడ్డకు మళ్ళీ రాకుండా చూసేది నీ వంటిల్లే." ఈ మాట మనందరికీ వర్తిస్తుంది. మూడు కుండలూ ఒకేసారి కొననక్కరలేదు. ఈ వారం ఒక పాత డబ్బాకు చిల్లులు చేయండి, ఒక సంచి ఎండుటాకు ఏరండి. తగులబెట్టడానికి ఊడ్చిన ఆకులనే తెచ్చుకోండి. ఆసుపత్రికి వచ్చినప్పుడు మీ కుండ ఎలా ఉందో మాకు చెప్పండి. కంపు కొట్టినా సరే, సిగ్గుపడకుండా చెప్పండి. మాదీ మొదట కంపు కొట్టిందే కదా!